మనుషులు, సంస్థలు మారడానికి అసలు ప్రేరణ ఏమిటి? ఆటోనగర్ షెడ్డు నుంచి ఒక ప్రశ్న

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మాకు ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఫిట్టర్లు, వెల్డర్లు, గ్రైండర్లు, హెల్పర్లు కలిపి అరవై మంది పనిచేస్తారు. ట్యాంకులు, స్ట్రక్చర్లు కట్టి పెద్ద కంపెనీలకు పంపుతాం. కొనేవాళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ప్రతి ప్లేటుకూ హీట్ నంబరు, అంటే ఆ ఉక్కు ఏ కరుగులో తయారైందో తెలిపే అంకె, చూపించాలి. ఇన్నాళ్లూ ఆ వివరాలు సుద్దరాతల్లోనూ, మా పెద్ద ఫిట్టరు గారి డైరీలోనూ ఉండేవి. ఏడు నెలల కిందట నాలుగు ట్యాబ్‌లు కొని, ప్రతి పని వివరాలూ రాసే జాబ్ కార్డులన్నీ వాటిలోనే నింపాలని చెప్పాము. రెండు రోజులు శిక్షణ ఇప్పించాము, మొదటి నెల సరిగ్గా నింపిన వారికి ఐదు వందల చొప్పున బహుమతి కూడా ఇచ్చాము.

బహుమతి ఉన్న నెలలో అందరూ నింపారు. రెండో నెల నుంచి ట్యాబ్‌లు స్టోర్సు బీరువాలోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, పెద్దాయన యథాప్రకారం డైరీలో రాస్తారు, సాయంత్రం ఒక అప్రెంటిస్ కుర్రాడు ఆ డైరీ చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తాడు. ఒక పనికి రెండు పనులయ్యాయి. గట్టిగా అడిగితే పెద్దాయన, "ఈ వయసులో మళ్లీ బళ్లో కూకోబెడతారేటి బాబూ" అని నవ్వేసి ఊరుకుంటారు. ఆయన సోమరి కాదు, మొండివాడు కూడా కాదు. ముప్పై ఏళ్లుగా మా నాన్నగారి దగ్గరా, నా దగ్గరా పనిచేస్తున్న మనిషి. ప్లేటు వంపు కంటితో చూసి ఎన్ని మిల్లీమీటర్ల తేడా ఉందో చెప్పగలరు.

భయపెడితే మారతారా, డబ్బిస్తే మారతారా, నచ్చజెబితే మారతారా? మీ అనుభవంలో ఏది పనిచేసిందో చెప్పగలరు.

మాజీ ఉక్కు ఉద్యోగి:
మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాది ఒక ప్రశ్న. సాయంత్రం పని లెక్క చూసుకునేటప్పుడు మీరు ట్యాబ్ చూస్తారా, డైరీ చూస్తారా?

ఇక నా అనుభవం. విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టు మారేటప్పుడు దిగే ఇన్‌చార్జి లాగ్ బుక్కులో రాసి, ఎక్కే ఇన్‌చార్జికి నోటితో కూడా చెప్పి వెళ్లేవాడు. కంప్యూటరు వచ్చాక కూడా చాలాకాలం మేము పుస్తకం వదల్లేదు. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేసును స్విచ్ నొక్కి ఆపేసి, తప్పు దిద్దుకుని, మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న ఆ కొలుముల ముందు కొత్త పద్ధతిని ప్రయోగం చేసి చూద్దాం అనే ధైర్యం ఎవరికీ ఉండదు. బయటివాళ్లు దాన్ని మొండితనం అనుకునేవారు. మాకది జాగ్రత్త.

సంస్థ స్థాయిలో ఇంకొకటి చెప్పాలి. 1990 దశకంలో మా కర్మాగారం అప్పుల్లో కూరుకుపోయి, మూతపడుతుందన్న మాట నగరమంతా వినిపించేది. 2000 దశకం మొదట్లో లాభాల్లోకి వచ్చింది. ఈ మార్పుకు కారణం ఏమిటని ఇప్పటికీ మా రిటైరైన వాళ్లం వాదించుకుంటూ ఉంటాము. ఆర్థిక పునర్వ్యవస్థీకరణ అని కొందరు, ప్రపంచ మార్కెట్లో ఉక్కు ధర పెరగడం అని కొందరు, కార్మికులు పట్టుదలతో పనిచేయడం అని కొందరు అంటారు. మూడూ నిజమే. కానీ 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకున్న ఫ్యాక్టరీ మన చేతుల్లో మూతపడిందన్న మాట రాకూడదన్న పంతం షాపుఫ్లోర్‌లో ఎంత ఉండేదో లోపల ఉన్నవాళ్లకే తెలుసు. అది భయం కాదు, డబ్బు కాదు. దానికి మీ జాబితాలో చోటు లేదు.

హెచ్‌ఆర్ మధురవాడ:
ఉక్కు మాస్టారి మాటల్లోని ఉద్వేగాన్ని గౌరవిస్తూనే ఒక మాట. అరవై మంది షెడ్డుకు ఉద్యమ చరిత్ర ఉండదు కదా. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో మానవ వనరుల విభాగం చూస్తాను. మా రంగంలో ఎక్కువగా వినిపించే మాట మేనేజ్‌మెంట్ నిపుణుడు జాన్ కోటర్‌ది. మార్పుకు మొదటి మెట్టు అత్యవసర భావన కలిగించడమని ఆయన 1990 దశకంలోనే చెప్పారు. "ఈ హీట్ నంబర్లు సరిగ్గా లేక ఆర్డరు పోతే అందరి జీతాలూ పోతాయి" అని ఎవరైనా స్పష్టంగా చెప్పారా? చెప్పకపోతే వాళ్లు మారడానికి కారణమే లేదు.

అయితే నేర్చుకోవలసిన రెండో విషయం సంస్థల తీరును అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త ఎడ్గార్ షైన్ దగ్గర ఉంది. మనిషిలో రెండు బెంగలు పోట్లాడుకుంటాయని ఆయన అంటారు. మారకపోతే నిలవలేనేమోనన్నది ఒకటి, మారే క్రమంలో నలుగురి ముందూ చేతగానివాడిని అయిపోతానేమోనన్నది రెండోది. మొదటిది రెండోదాన్ని మించినప్పుడే మనిషి కదులుతాడు. మేనేజర్లు సాధారణంగా మొదటిదాన్ని పెంచే పనిలో ఉంటారు. రెండోదాన్ని తగ్గించడం మేలని షైన్ వాదన.

మీ పెద్ద ఫిట్టరు గారి నవ్వులో నాకు ఆ రెండో బెంగే కనిపిస్తోంది.

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
మీరు చెప్పాక గుర్తుకొచ్చింది. శిక్షణ రోజున ఆయన గ్లోవు తీసి వేలు పెడితే, చేతికి నూనె ఉండటం వల్ల తెర కదలలేదు. మూడుసార్లు నొక్కారు. నాలుగోసారి ఎర్రటి అక్షరాల్లో తప్పు అని ఇంగ్లీషులో వచ్చింది. పక్కనున్న అప్రెంటిస్ కుర్రాడు నవ్వాడు. ఆ కుర్రాడికి చిప్పింగ్ హామరు పట్టుకోవడం నేర్పింది ఈయనే. ఆ తర్వాత ఆయన ట్యాబ్ ముట్టుకోగా నేను చూడలేదు. ఆ రోజు దాన్ని చిన్న విషయం అనుకున్నాను.

విశ్రాంత సైకాలజీ లెక్చరర్:
అది చిన్న విషయం కాదు. ఏడు నెలల మీ సమస్య ఆ నాలుగో నొక్కులోనే మొదలై ఉంటుంది.

పాతవే అయినా ఇక్కడికి సరిగ్గా సరిపోయే రెండు అధ్యయనాలు చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మంచి మాంసం సైన్యానికి వెళ్లిపోతుండటంతో గుండెకాయ, మూత్రపిండాల వంటి భాగాలను ఇళ్లలో వండించాలని ప్రభుత్వం అనుకుంది. ఆ పనిలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త గృహిణులను బృందాలుగా విడదీశారు. కొన్ని బృందాలకు పోషక విలువలు, వంట విధానాలు వివరిస్తూ చక్కటి ఉపన్యాసం ఇప్పించారు. మిగిలిన బృందాలను మాట్లాడుకోనిచ్చారు. ఇంట్లో మగవాళ్లు తినరు, వండేటప్పుడు వాసన వస్తుంది, అసలు అది చూస్తేనే వెగటు అని వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు, చివర్లో ఎవరు వండి చూస్తారో చేతులెత్తారు. తర్వాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం మంది, చర్చించుకున్నవారిలో 32 శాతం మంది ఆ మాంసాన్ని వండారు. సమాచారం ఇద్దరికీ దాదాపు ఒకటే. అభ్యంతరాన్ని పైకి చెప్పుకునే అవకాశం, నలుగురి ముందు తానే తీసుకున్న నిర్ణయం, ఈ రెండూ రెండో గుంపుకే దక్కాయి.

రెండోది 1948లో వచ్చింది. వర్జీనియాలో పైజామాలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయి, పనివాళ్లు మానేసేవారు. కోక్, ఫ్రెంచ్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడ ఒక గుంపుకు మార్పు సంగతి కేవలం ప్రకటించారు, మరికొన్ని గుంపులను ఆ మార్పును రూపొందించడంలో కూర్చోబెట్టారు. ప్రకటన మాత్రమే విన్న గుంపులో 17 శాతం మంది తొలి 40 రోజుల్లోనే మానేశారు, ఉత్పత్తి కోలుకోలేదు. అందరూ పాల్గొన్న గుంపులు త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటాయి, వాటిలో ఎవరూ మానేయలేదు.

మీ ట్యాబ్‌లో ఏ గళ్లు ఉండాలో ఎవరు నిర్ణయించారు?

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడూ నేనూ కూర్చుని నిర్ణయించాము.

రేవు మనిషి:
ఫిషింగ్ హార్బరులో మా కుటుంబానికి రెండు మరబోట్లు ఉన్నాయి. చదువుకున్నవారి అధ్యయనాలు నాకు తెలియవు కానీ, ఒకే మనిషి ఒక మార్పును రాత్రికి రాత్రి ఒప్పుకోవడం, ఇంకొకదాన్ని ఏళ్ల తరబడి తోసిపుచ్చడం మా రేవులో రోజూ చూస్తాను.

జీపీఎస్ వచ్చిన కొత్తలో దాన్ని పెట్టుకోమని బోటు నడిపే మా సరంగులకు ఎవరూ చెప్పలేదు. శిక్షణ లేదు, బహుమతి లేదు. అక్షరం ముక్క రాని సరంగు కూడా నెల తిరిగేసరికి చేపలు పడిన చోటును గుర్తుపెట్టి, మళ్లీ అక్కడికే బోటు నడిపేవాడు. ఒక్క వేటలోనే తన వాటా పెరగడం తన చేతిలో చూసుకున్నాడు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు తప్పించుకునేందుకు ట్రాల్ వలలో అమర్చే టెడ్ పరికరం సంగతి వేరు. అది లేదన్న కారణంతోనే సముద్రంలో పట్టిన మన రొయ్యలను అమెరికా కొనడం మానేసింది. నష్టం కోట్లలో ఉంటుందని సమావేశాల్లో చెబుతారు. కానీ ఆ నష్టం సరంగుకు కనబడదు. తాబేలు పోయే కన్నం గుండా తన వాటా రొయ్యలు కూడా పోతాయన్న భయం మాత్రం ప్రతి వల లాగినప్పుడూ కనబడుతుంది. లాభం ఎగుమతిదారుడికి, నష్టం బోటు మీద పనిచేసే కళాసీకి అయినప్పుడు కళాసీ ఎందుకు మారాలి?

వేట నిషేధం మూడో రకం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లు కదలకూడదు. సంపాదనకు అది దెబ్బే. ప్రభుత్వం ఇచ్చే భృతి, 2025లో ఇరవై వేలకు పెరిగినా, ఒక కుటుంబానికి రెండు నెలలు చాలదు. అయినా నిషేధం నిలబడుతోంది. అందరి బోట్లూ ఒకేసారి రేవులో ఉంటాయి, నేను ఆగితే పక్కవాడు నా చేపను పట్టుకుపోడు. ఆ రెండు నెలల్లో వలలు బాగుచేసుకోవడం, బోట్లకు రంగు వేయడం, పెళ్లిళ్లు చేయడం మాకు అలవాటైపోయింది. అలవాటయ్యాక దాన్ని మార్పు అని కూడా ఎవరూ అనరు.

అందుచేత ఫ్యాబ్రికేటరు గారూ, మీ ట్యాబ్ వల్ల పెద్దాయన వాటా పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు అది చూడండి.

కంచరపాలెం కిరాణా:
రేవు వారి మాటకు నాదొక తోడు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు చిల్లర లేక మా దుకాణం ఇబ్బంది పడింది. అంత ఒత్తిడిలో కూడా నేను ఫోన్ చెల్లింపులకు మారలేదు. రద్దీలో ఎవరు కట్టారో, ఎవరు ఉత్తినే తెర చూపించి వెళ్లారో తెలిసేది కాదు. గల్లా దగ్గర కూర్చునే మా ఆవిడకు మెసేజీలు చదవడం చిరాకు. తర్వాత ఎన్ని రూపాయలు అందాయో తెలుగులో పైకి చెప్పే డబ్బా వచ్చింది. ఆ వారమే క్యూఆర్ అట్ట తగిలించాము. ఒత్తిడి మూడేళ్లు చేయలేని పనిని ఆ డబ్బా చేసింది. మోసపోతానన్న భయం పోయింది, అంతే.

ఎంవీపీ అపార్ట్‌మెంటు కార్యదర్శి:
జరిమానా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నా గుణపాఠం చెబుతాను. మా అపార్ట్‌మెంటులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయని ఫ్లాటుకు నెలకు వంద రూపాయల జరిమానా అని కమిటీలో తీర్మానం చేశాము. మూడో నెలకు పరిస్థితి ఇంకా దిగజారింది. ఒక పెద్దమనిషి పన్నెండు నెలల జరిమానా ముందుగానే కట్టి రసీదు అడిగారు. అప్పటివరకూ వాచ్‌మన్ ముందు మొహమాటపడి ఎంతో కొంత వేరు చేసేవారు, వంద రూపాయలతో ఆ మొహమాటాన్ని మేమే కొనేశాము.

తర్వాత తెలిసింది, ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో ఇదే జరిగిందని. శిశు సంరక్షణ కేంద్రాలకు పిల్లలను తీసుకువెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేశాక కూడా అవి తగ్గలేదు. నీజీ, రుస్టిచినీ అనే ఆర్థికవేత్తలు దీనిని 2000లో ప్రచురించారు. మా జరిమానా ఎత్తేసి ఏడాది దాటింది. మా సంగతీ అంతే.

సంస్థల మాటకొస్తే ర్యాంకులు కూడా ప్రేరణే. నగరాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన నగరం 2016లో 5వ స్థానంలోనూ, 2017లో 3వ స్థానంలోనూ నిలిచినప్పుడు మా కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా అభినందనలే. 2018లో 7, 2019లో 23. ఆ ఏడాది గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. 2020లో మళ్లీ 9కి వచ్చాము. ర్యాంకు పోటీని పుట్టిస్తుంది, పోటీ పనిని చేయిస్తుంది. కానీ మా అపార్ట్‌మెంటు వరకు నేను చూసింది ఏమిటంటే, సర్వే వాళ్లు వస్తారన్న నెలలో బుట్టలు కడిగి రంగు వేస్తాము, వాళ్లు వెళ్లాక ఆ బుట్టల్లోనే అన్నీ కలిపి వేస్తాము. కొలిచేదాన్ని మనుషులు చక్కబరుస్తారు. కొలవనిదాన్ని వదిలేస్తారు.

హెచ్‌ఆర్ మధురవాడ:
కార్యదర్శి గారి అనుభవంతో ఏకీభవిస్తాను. అయితే చర్చ అంతా కార్మికుడి బెంగ మీదే నడుస్తోంది, పైవాడు మారాలన్న మాట వెనక్కి పోతోంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి గైర్హాజరీతో, గొడవలతో నడవలేక 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి దానినే తెరిచారు. చాలావరకు ఆ పాత కార్మికులనే తీసుకున్నారు, యూనియనూ అదే. లోపం కనిపిస్తే లైను ఆపే తాడు మాత్రం కార్మికుడి చేతికి వచ్చింది, తాడు లాగినప్పుడు సూపర్‌వైజరు తిట్టకుండా సాయం చేయడానికి పరుగెత్తుకు వచ్చేవాడు. కొద్దికాలంలోనే నాణ్యతలో ఆ ఫ్యాక్టరీ పేరు తెచ్చుకుంది. చేయి మారలేదు, పైవాడి ప్రవర్తన మారింది.

అంతా కళ్లముందే జరిగినా, ఆ పాఠాన్ని మిగతా ఫ్యాక్టరీలకు తీసుకువెళ్లడానికి జనరల్ మోటార్స్‌కు ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఒక కొత్త తాడు కొనడం తేలిక, అది లాగినవాడి మీద కోపం తెచ్చుకోకుండా ఉండటం నేర్చుకోవడమే కష్టం.

విద్యుత్తు శాఖలో పనిచేసినవాడు:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. స్తంభాలు వరుసగా పడిపోయాయి, చాలా వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తీగలు భూమిలో వేయాలన్న మాట అంతకుముందు కూడా వినిపించేది, ఖర్చు చూసి అందరూ వెనక్కి తగ్గేవారు. తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్ల పని మొదలైంది. విపత్తు తలుపు తెరుస్తుంది, నిజమే. కానీ ఆ సమయానికి డబ్బు, నమూనా రెండూ చేతికందేలా లేకపోతే కొత్త స్తంభాలే పాత చోట పాతుకుంటాము. ఫ్యాబ్రికేటరు గారికి ఒక ఆర్డరు పోయేదాకా ఆగాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

లెక్చరర్ గారు చెప్పినట్లు శనివారం భోజనాల తర్వాత అందరినీ షెడ్డులోనే కూర్చోబెట్టి, ట్యాబ్ గురించి ఏం ఇబ్బందో చెప్పమన్నాను. మొదటి పావుగంట ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక వెల్డరు, "సార్, అందులో ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంది కదా, అది చూసి మా ఓటీ (ఓవర్‌టైం డబ్బు) కోస్తారని అందరూ అనుకుంటన్నారు" అన్నాడు. నేను ఆ గడిని అలా ఎన్నడూ ఆలోచించలేదు. కాబట్టి నూనె చేతుల బెంగ ఒక్కటే కాదు, రేవు వారు అడిగిన వాటా ప్రశ్న కూడా లోపల ఉంది.

గడి తీసేద్దామని అన్నాను. విచిత్రంగా పెద్దాయన వద్దన్నారు. "తియ్యకండి బాబూ, క్రేను రాలేదు, ప్లేటు రాలేదు, డ్రాయింగు మారింది అని ముందే రాసి పెట్టండి, మేము వేలితో చూపిస్తాం" అన్నారు. అలాగే చేశాము. తెర మీది మాటలన్నీ తెలుగులోకి మార్పించాము. హీట్ నంబరు టైపు చేయనవసరం లేకుండా ప్లేటు మీది సుద్దరాతను ఫొటో తీస్తే చాలని నిర్ణయించాము. శిక్షణ ఈసారి బయటి కుర్రాడు ఇవ్వలేదు. పెద్దాయనే ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, నా ఒక్కడి ముందు రెండు గంటలు నేర్చుకుని, సోమవారం తన గుంపుకు తానే చూపించారు.

మొదటి వారం వచ్చిన లెక్క చూస్తే, ఆలస్యాల్లో సగానికి పైగా క్రేను రాలేదన్నదే కారణం. క్రేనూ స్టోర్సూ చూసేది మా బావమరిది. ఇప్పుడు ట్యాబ్ బాగాలేదని అంటున్నది ఆయన ఒక్కడే. మార్పును ఎదిరించే మనిషి మారాడే తప్ప ఎదిరింపు పోలేదు. దాన్ని ఎలా పరిష్కరించాలో ఇంకా తెలియడం లేదు, ఇంట్లో కూడా మాట పడాల్సి వస్తోంది.

ఇక ఉక్కు మాస్టారు మొదటి రోజే అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. సాయంత్రం ఆరు గంటలకు నేను చూసేది డైరీనే. ఏడు నెలలుగా ప్రతి సాయంత్రం, "పెద్దాయనా, డైరీ ఇటు తెండి" అని అడుగుతున్నది నేనే. ట్యాబ్‌లో ఉన్నదంతా నమ్మబుద్ధి కాక అలా చేశాను.

మాజీ ఉక్కు ఉద్యోగి:
అడిగినందుకు ఏమీ అనుకోకండి, నేనూ ఒకప్పుడు ఆ పనే చేశాను కాబట్టి అడిగాను. ఇప్పుడు ఏం చేస్తున్నారు?

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
సోమవారం నుంచి డైరీ అడగనని ఆయనకు చెప్పాను. "మీరు అడగపోతే నేను రాసుకోకూడదేటి?" అన్నారు. రాసుకోమన్నాను. నిన్న సాయంత్రం చెయ్యి అలవాటుగా డైరీ కోసం చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు.